మా రోజుల్లో రేవు ఊళ్ళో ఉండేది

ఏప్రిల్ వచ్చిందంటే పేపర్లో ఒక వార్త ఖాయం. కాకినాడ రేవు నుంచి పోయినేడు ఇన్ని లక్షల టన్నుల సరుకు కదిలింది, అంతకుముందు ఏటికన్నా ఇంత ఎక్కువ అని. పక్కన ఓడ ఫొటో. మా మనవడు హైదరాబాదు నుంచి ఆ వార్తని ఫోన్లో పంపించి, "తాతయ్యా, మీ పోర్టు అదరగొడుతోంది" అంటాడు. అదరగొడుతున్నవి లారీలురా అబ్బాయ్. రాత్రి పన్నెండు దాటాక అవి పోర్టు రోడ్డు మీద వెళ్తుంటే గోడకున్న మీ మామ్మ ఫొటో అదిరి పక్కకి ఒరిగిపోతోంది. పొద్దున్నే లేచి దాన్ని సరిచెయ్యడం నా డ్యూటీ అయిపోయింది.

టన్నులు పెరిగాయి, కాదనను. వాటిలోంచి ఊళ్ళోకి దిగిందెంతో చెప్పమంటే మాత్రం ఎవరూ నోరు మెదపరు.

1969లో నేను ఓడల్లో సరుకు ఎక్కించి దించే ఒక స్టీవ్‌డోరు కంపెనీలో టాలీ గుమాస్తాగా చేరేనాటికి కాకినాడలో పెద్ద ఓడ ఒడ్డుకి రావడమన్న మాటే లేదు. గోదావరి తెచ్చిపోసిన ఇసుక రెండు వందల ఏళ్ళుగా మేటవేసి హోప్ ఐలాండ్ అయింది. ఆ దిబ్బ తూర్పున అడ్డంగా ఉండబట్టి లోపల కెరటం తక్కువ. ఓడలు దూరంగా లంగరేసుకుని నిలబడేవి. ఊరి మధ్యలోంచి పోయే ఉప్పుటేరులో బార్జీలు నింపి, లాంచీ కట్టి లాక్కెళ్ళి ఓడ పక్కన చేర్చేవాళ్ళం. పైనుంచి వించి కొక్కెం దించితే, బార్జీలోని కళాసీలు బస్తాలు స్లింగులో పేర్చి తగిలించేవారు. నా పని లెక్క. నాలుగు నిలువు గీతలు, వాటిమీద ఒక అడ్డగీత, అయిదు స్లింగులు. ఓడ తరఫున పైన ఇంకో గుమాస్తా అవే గీతలు గీసుకునేవాడు. సాయంత్రానికి ఇద్దరి కాగితాలూ కలవాలి. కలవకపోతే ఒక్క స్లింగు కోసం గంటసేపు అరుచుకుని, ఓడ వంటవాడు ఇచ్చిన టీ తాగి రాజీపడేవాళ్ళం. చినుకు పడిందా, ఓడలోని సరుకు గదుల హాచ్ మూతలు వేసెయ్యడమే. తడిసిన బస్తా ఎవడి నెత్తిన పడుతుందో తేలేసరికి ఆ ఓడ రెండు దేశాలు తిరిగొచ్చేది.

శనివారం బట్వాడా. ఆ డబ్బు జగన్నాథపురం వంతెన దాటేలోపే సగం చేతులు మారేది. హోటలు ఖాతా, తాళ్ళకొట్టు, టార్పాలిన్లు కుట్టేవాళ్ళు, సైకిలు షాపు, పిల్లలకి కాజాలు. బార్జీల ఓనర్లు కూడా ఈ ఊరివాళ్ళే. ఒకడికి రెండు, ఒకడికి నాలుగు, అన్నదమ్ములు కలిసి ఒకటి. వాటిని ఏటి ఒడ్డునే లాగి పెట్టి బాగుచేసేవారు. తాళ్ళరేవు, కోరంగి వైపు నుంచి వచ్చిన వడ్రంగులు పాత కర్రనావల పలకల సందుల్లో నార కూరి తారు పూస్తుంటే చూస్తూ నిలబడిపోయేవాణ్ణి. ఉలి మీద దెబ్బ పడిన చప్పుడుని బట్టి నార దిగిందో లేదో చెప్పగలిగేవాళ్ళు వాళ్ళు. వాళ్ళ ముత్తాతల కాలంలో కోరంగిలో సముద్రాలు దాటే ఓడలే కట్టేవారు మరి. ఇప్పుడు ఆ పనివాళ్ళ మనవలు గల్ఫులో వెల్డింగు చేస్తున్నారు.

ఇంతకీ కోరంగి సంగతి మా రేవు పెద్దలందరూ పొద్దున్నే ఒకసారి తలుచుకోవాల్సింది. ఒకప్పుడు కాకినాడకన్నా అదే పెద్ద రేవు. 1789లో ఒక ఉప్పెన, 1839లో ఇంకొకటి. అవి చేసిన నాశనానికి తోడు పూడిక. అంతే, వ్యాపారం మూటముల్లె సర్దుకుని కాకినాడ వచ్చేసింది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాలవల మీద పడవల్లో డెల్టా పంటంతా ఇక్కడికే దిగింది. 1860ల్లో అమెరికాలో వాళ్ళలో వాళ్ళు కొట్టుకుంటే ఇంగ్లండు మిల్లులకి పత్తి కరవొచ్చి, ఆ గిరాకీతో కాకినాడ దశ తిరిగింది. మా నాన్నగారి చిన్నతనంలో ఇక్కణ్ణుంచి జనం ఓడెక్కి రంగం, అంటే రంగూన్, పోయి నాలుగు డబ్బులు చేసుకునొచ్చేవారు. రేవుకి ఓడ ఎంత ముఖ్యమో దాని వెనకున్న కాలవా, పొలమూ, పనివాడూ అంత ముఖ్యం. ఈ మాట చెప్పడానికి కన్సల్టెంటుని పెట్టుకోనక్కర్లేదు.

1997లో డీప్ వాటర్ పోర్టు వచ్చింది. 1999లో దాన్ని ప్రైవేటు చేతిలో పెట్టారు. రావడం మంచిదే, నేను వద్దనలేదు. ఖాళీ లేక ఓడలు వారాల తరబడి బయట నిలబడితే సరుకువాళ్ళు ఆలస్యానికి డెమరేజి కట్టడం చూసినవాణ్ణి. యాభై కిలోల బస్తా వీపు మీద మోసి నలభై ఏళ్ళకే నడుం వంగిపోయినవాళ్ళు మా వీధిలోనే ఉన్నారు, అదేదో స్వర్ణయుగమని నేనంటే వాళ్ళే కొడతారు. 1996 నవంబరు తుపానుకి భైరవపాలెం, బలుసుతిప్ప వైపు వేటకెళ్ళినవాళ్ళు ఎంతమంది తిరిగి రాలేదో తలుచుకుంటే, ఇప్పుడు ప్రతివాడి జేబులోనూ ఫోను మోగడం ఎంత మేలో నాకు తెలుసు. మా రోజుల్లో రేవు ఆఫీసు మీద హెచ్చరిక జెండా ఎగిరితే చూసినవాడికే తెలిసేది.

నా గొడవంతా వేరే. పామాయిలు వస్తుంది. ఓడలోంచి గొట్టంలోకి, అక్కణ్ణుంచి వాకలపూడి వైపు రిఫైనరీ ట్యాంకులోకి, అక్కణ్ణుంచి ట్యాంకరు లారీలోకి. మధ్యలో ఊరివాడు పలకరించే సందే లేదు. బియ్యం చూడండి. బాస్మతి కాని బియ్యం దేశం దాటే రేవుల్లో కాకినాడే ముందుంటుంది. బెనిన్, టోగో, సెనెగల్ పిల్లలు మన రేవు బియ్యం తింటున్నారు, సంతోషం. అందులో చాలా భాగం ఛత్తీస్‌గఢ్ మిల్లుల్లో ఆడి లారీలెక్కి వస్తుంది. బస్తాలో ఇనప గొట్టం గుచ్చి నాలుగు గింజలు అరచేతిలో పోసుకుని, నూక ఎంతో, తేమ ఎంతో పంటి కింద నలిపి చెప్పే మా కాలపు శాంపిల్ మేస్త్రీలు ఉంటే ఇప్పటి లాబొరేటరీ వాళ్ళకి పాఠం చెప్పేవారు. ఈ ఊళ్ళోనే పాలిష్ పెట్టి, ఇక్కడే అయిదేసి కిలోల సంచుల్లో నింపి, ఇక్కడి పేరుతోనే పంపొచ్చు కదా అంటే, "కొనేవాడు బల్కే అడుగుతున్నాడండి" అంటారు. కొనేవాణ్ణి ఎప్పుడైనా పిలిచి చూపించారా?

పైగా గుడ్లన్నీ ఒకే బుట్టలో. 2023 జులైలో కేంద్రం తెల్లబియ్యం ఎగుమతి ఆపేసింది. 2024 సెప్టెంబరుదాకా అదే తంతు. ఉప్పుడు బియ్యం మీద 20 శాతం సుంకం వేశారు. పోర్టులో పెద్దవాళ్ళు లెక్కలు సర్దుకున్నారు. బార్జీ మీద రోజుకూలీకి వెళ్ళేవాడు ఏం సర్దుకుంటాడు? అంతకుముందు 2021 ఫిబ్రవరిలో, బార్జీలతో బియ్యం ఎక్కించే లంగరు దగ్గర ఓడల రద్దీ ఎక్కువైందని డీప్ వాటర్ పోర్టులోంచి కూడా బియ్యం ఎగుమతికి అనుమతిచ్చారు. ఓడలకి మేలే. బార్జీ కుర్రాళ్ళు మాత్రం ఆ వారమంతా ఏటి ఒడ్డున చేతులు కట్టుకుని కూర్చున్నారు. ఆ తర్వాత రేషన్ బియ్యం ఓడెక్కుతోందని పెద్ద గోల. 2024 నవంబరు ఆఖర్న ఉపముఖ్యమంత్రి స్వయంగా వచ్చి "సీజ్ ద షిప్" అంటే, ఆ మూడు మాటలూ దేశమంతా తిరిగాయి. కాకినాడ పేరు అలా తిరగాల్సొచ్చింది చూడండి.

మా అమ్మాయి సియాటెల్‌లో ఉంటుంది. అక్కడి సంగతి చెబితే మొదట నేను నమ్మలేదు. వాషింగ్టన్ రాష్ట్రంలో 1911లో ఒక చట్టం చేశారట. జనమే ఓటేసి తమ ప్రాంతానికి రేవు జిల్లా పెట్టుకోవచ్చు. దాని కమిషనర్లనీ జనమే ఎన్నుకుంటారు. ఇంటి పన్నుతో పాటు రేవు జిల్లాకీ కాస్త కడతారు. ఆ డబ్బుతో చిన్న పడవలు ఆగే చోట్లు, చిన్న పరిశ్రమలకి అద్దె షెడ్లు, కొన్నిచోట్ల విమానాశ్రయం కూడా నడుపుతారు. ఆ ఒక్క రాష్ట్రంలో అలాంటివి 75 ఉన్నాయట, సముద్రపుగాలి సోకని లోపలి ఊళ్ళతో సహా. సముద్రం లేనివాళ్ళకి రేవు జిల్లా ఉంది, సముద్రం ఇంటిముందున్న మనకి రేవులో మాట చెల్లదు. మన దగ్గర చిన్న రేవులన్నీ రాష్ట్రం చేతిలో ఉంటాయి. పోర్టుల డైరెక్టరు ఆఫీసు దశాబ్దాల పాటు కాకినాడలోనే ఉండబట్టి, కోపమొస్తే సైకిలేసుకుని వెళ్ళి అడిగొచ్చేవాళ్ళం. తర్వాత మారిటైమ్ బోర్డన్నారు, పెత్తనం దూరమైపోయింది.

నన్నడిగితే కొత్తగా పన్నేమీ వెయ్యక్కర్లేదు. రేవు వల్ల ప్రభుత్వానికి వచ్చే వాటాలో నూటికి రెండు రూపాయలు కాకినాడ కార్పొరేషను పేర విడిగా జమచేసి, అది రేవు పేటలకే ఖర్చుపెట్టాలని రాసిపెడితే చాలు. ఏటిమొగ, దుమ్ములపేట, పర్లోపేట జనానికి రోడ్లూ డ్రెయిన్లూ వస్తాయి, లారీలు నిలబడ్డానికి ఊరి బయట ఒక స్టాండు వస్తుంది, మా గోడ మీద ఫొటో నిలబడుతుంది. 2016లో మొదటి ఇరవై స్మార్ట్ సిటీల్లో కాకినాడ పేరు చూసి లడ్లు పంచారు. ఉప్పుటేరు ఒడ్డున ముక్కు మూసుకోకుండా నడవగలిగిన రోజు నేను కూడా పంచుతాను.

ఆ ఏరే అసలు విషయం. పూడిక తీస్తే బార్జీ నిండుగా వెళ్తుంది, తియ్యకపోతే పోటు కోసం కాసుకుని కూర్చోవాలి. బార్జీలూ వేట బోట్లూ బాగుచేసే యార్డు ఒకటి కార్పొరేషనూ పోర్టూ కలిసి కట్టి అద్దెకిస్తే కోస్తాలో సగం బోట్లు ఇక్కడికే వస్తాయి. ఆంధ్రా పాలిటెక్నిక్ 1946 నుంచీ ఈ ఊళ్ళో ఉంది. బోటు ఇంజనుకి, ఓడ కరెంటు పనికి ఆరేసి నెలల కోర్సు పెడితే మా పేట కుర్రాళ్ళు గల్ఫు విమానం ఎక్కక్కర్లేదు. 2022లో విదేశీ వ్యాపారం నేర్పే ఐఐఎఫ్‌టీ జేఎన్‌టీయూ ఆవరణలోకే వచ్చింది. ఆ పిల్లలు అద్దాల గదిలో షిప్పింగు చదువుకుంటారు. వాళ్ళని ఒక్కరోజు బార్జీ ఎక్కించండి, బిల్ ఆఫ్ లేడింగు దానంతటదే అర్థమవుతుంది.

రైలు సంగతి ఎత్తకపోతే నాకు అన్నం సయించదు. కోటిపల్లి లైను 1928లో వేశారు, యుద్ధానికి ఇనుము కావాలని 1940లో పట్టాలు పీక్కెళ్ళారు, 2004లో మళ్ళీ వేశారు. వేసి దానిమీద ఏం నడిపారు? రైలుబస్సు! కొబ్బరీ అరటీ పండే కోనసీమ అంచుదాకా పట్టాలుండి, రేవుకి ఒక సరుకు వ్యాగను రాదు. పిఠాపురం నుంచి మెయిన్‌లైను కాకినాడ మీదుగా తిప్పమని అడగడం మొదలుపెట్టినప్పుడు నాకు తల నల్లగా ఉండేది.

ఇవన్నీ కలిపి మా రిటైర్డు బృందం మొన్న ఒక అర్జీ రాసింది. ఒక ఆఫీసులో ఇస్తే అక్కడి కుర్ర అధికారి, పాపం మర్యాదస్తుడే, కుర్చీ వేయించి మంచినీళ్ళు ఇప్పించి వివరంగా చెప్పాడు. ఏటిలో నీళ్ళు పోర్టువిటండి. ఒడ్డు కార్పొరేషనుది. వంతెన ఆర్ అండ్ బీ వాళ్ళది. పైన కాలవ ఇరిగేషనుది. కింద మడచెట్లు ఫారెస్టువాళ్ళవి, వాటి జోలికి వెళ్తే కేసు. "మరి పూడికెవరిది బాబూ?" అన్నాను. నవ్వాడు. పైగా 2022లో జిల్లా ముక్కలయ్యాక పాత ఫైళ్ళు ఏ ముక్కలోకి వెళ్ళాయో వెతకాలన్నాడు. అయిదు శాఖలకీ తలొక కాపీ కావాలన్నాడు, ప్రతిదాని మీదా అందరి సంతకాలూ ఉండాలట.

బయటికొచ్చి జిరాక్సు షాపులో అడిగితే కాగితానికి మూడు రూపాయలన్నాడు, రెండువైపులా అయితే అయిదు. మా రోజుల్లో కింద కార్బన్ పేపర్లు పెట్టి గట్టిగా నొక్కి రాస్తే అయిదు కాపీలూ ఒకేసారి వచ్చేసేవి.