రైలు లేని స్టేషన్ నుంచి

గౌరవనీయులైన రైల్వే పెద్దలకు,

రుద్రారం నుంచి ఒక ప్రయాణికుడు రాసుకునే బహిరంగ లేఖ.

విషయం: మా ఊరి రైల్వే టెర్మినస్ చరిత్ర, అందులోని సౌకర్యాల వివరాలు సమర్పించుట గురించి.

అయ్యా,

ఈ వివరాలు పంపమని మీరు అడగలేదు. అడిగేదాకా ఆగితే నా మనవడు రాయాల్సి వస్తుందని నేనే రాస్తున్నాను. మా టెర్మినస్‌లో ప్లాట్‌ఫాం ఉంది, ప్రయాణికులున్నారు, మూటలున్నాయి, చాయ్ ఉంది, గొంతు చించుకునే అనౌన్స్‌మెంటు ఉంది. పట్టాలూ రైలూ లేవు. ఇన్ని ఉన్నచోట ఆ రెండే తక్కువైతే అదో పెద్ద లోటు కాదని ఇన్నాళ్లూ సరిపెట్టుకున్నాం.

ముందు చరిత్ర. మా స్టేషన్ చరిత్ర 1874లో, రైలు మా వైపు రాకపోవడంతో మొదలైంది. బొంబాయి–మద్రాసు లైను వాడి అనే ఊరి మీదుగా పోతుంటే, హైదరాబాదును దానితో కలపాలని నిజాం సర్కారు తలపెట్టింది. పట్టాలు సికింద్రాబాదు నుంచి బయలుదేరి శంకర్‌పల్లి, వికారాబాదు, తాండూరు మీదుగా నైరుతికి వంగి వాడి చేరుకున్నాయి. బొంబాయి సడక్ మాత్రం మా ఊరి మీదుగానే పోయింది. బొంబాయికి రెండు దారులుంటే ఇనుపదారి శంకర్‌పల్లికి, దుమ్ముదారి మాకు. ఆ పంపకాల నాడు మా పెద్దమనిషి ఎవరూ పంచాయితీలో లేనట్టున్నారు.

తర్వాత నిజాం కాలంలోనే వికారాబాదు నుంచి బీదరుకు మరో లైను పడి, జహీరాబాదుకు బండి వచ్చింది. ఇప్పుడు మా సంగారెడ్డి జిల్లాలో జహీరాబాదుకు స్టేషన్ ఉంది. కోహీరుకు ఉంది. తెల్లాపూరుకు ఉంది. సంగారెడ్డికి లేదు. జిల్లా కేంద్రం అని బోర్డు మీద రాసుకున్న పాపానికి మిగతావన్నీ ఇచ్చి ఇదొక్కటి మరిచారు.

మరిచారనడం కూడా పూర్తిగా న్యాయం కాదు. 2016 అక్టోబరులో పాత మెదక్ జిల్లాను మూడు చేసినప్పుడు మెదక్, సిద్దిపేట వేరు కాపురం పెట్టాయి. పాత జిల్లాకూ కేంద్రంగా ఉండిన సంగారెడ్డి పెద్దన్న లెక్క. వేరుపడ్డ తమ్ముళ్లిద్దరికీ బండ్లు వచ్చేశాయి. అక్కన్నపేట నుంచి 17.2 కిలోమీటర్ల పట్టా వేసి 2022 సెప్టెంబరు 23న మెదక్‌కు రైలు నడిపారు. ఖర్చులో సగం రాష్ట్రం పెట్టుకుంది. 2023 అక్టోబరు 3న మనోహరాబాద్–కొత్తపల్లి లైను మీద సిద్దిపేటకూ కూత వినిపించింది. పెద్దన్న మాత్రం ఇంకా బస్టాండులోనే చేతిసంచీ పట్టుకుని నిలబడి ఉన్నాడు.

దాచుకోవడమెందుకు, ఒక ఆదివారం నేను బస్సెక్కి మెదక్ వెళ్లి రైలును చూసొచ్చాను. కొత్త స్టేషన్, కాచిగూడకు పోయే బండి, దాని ముందు ఫొటోలు దిగే పిల్లలు. బెంచీ మీద పక్కన కూర్చున్న ఒక అవ్వ “ఏ ఊరు బిడ్డా?” అని అడిగింది. సంగారెడ్డి దిక్కు అన్నాను. “అవునా, మస్తు కంపెనీలున్న జాగ గదా అది. ఇంత దూరం రైలెక్కనీకి వచ్చినవా?” అంది. చూడ్డానికొచ్చానని చెప్పలేక, అవునన్నాను. ఆ అబద్ధానికి శిక్షగా కౌంటర్లో టికెట్ కొని అక్కన్నపేట దాకా ఎక్కి, మళ్లీ బస్సులో ఇల్లు చేరాను.

ఇక సౌకర్యాలు.

ప్లాట్‌ఫాం గణేశ్‌గడ్డ గుడికి కూతవేటు దూరంలో, జాతీయ రహదారి 65 అంచున ఉంటుంది. ఈ రహదారి నంబరు మునుపు 9. నంబరు మారింది గాని ధూళి అదే. పైకప్పుకు బదులు ఒక వేపచెట్టు. వానొస్తే ప్రయాణికులు చాయ్ డబ్బా రేకు కిందికి దూరతారు. అదే వెయిటింగ్ హాలు. అక్కడ నిలబడాలంటే ఒక చాయ్ తాగాలి, అదే ప్లాట్‌ఫాం టికెట్. పాన్‌డబ్బాలో సంచీ పెట్టి పని చూసుకుని రావచ్చు, అది క్లోక్‌రూం. రసీదు ఇవ్వరు, సంచీ పోదు.

అనౌన్స్‌మెంటు షేర్ ఆటోవాళ్ల పని. “పటాన్‌చెర్, పటాన్‌చెర్, బీహెచ్‌ఈఎల్, లింగంపల్లి!” మూడు భాషల్లో చెప్పనక్కరలేదు, ఊళ్ల పేర్లకు అనువాదం ఉండదు గదా. బండి ఆలస్యమని మా వాళ్లు ఏనాడూ చెప్పలేదు. “ఎక్కున్రి, పోతనే ఉన్నది” అంటారు, నిండేదాకా కదలరు. డ్రైవరు పక్క సీటు ఫస్టు క్లాసు, ఒక కాలు బయటికి వేలాడుతుంది కాబట్టి గాలి బాగా వస్తుంది. వెనక సీటు స్లీపరు. దాని వెనక అడ్డంగా వేసిన చెక్క జనరల్ బోగీ. అక్కడ కూర్చున్నవాడికి పోయే ఊరు కనపడదు, వదిలొచ్చిన ఊరే కనపడుతుంది.

పార్సిల్ ఆఫీసు చూస్తే మీకే ముచ్చటేస్తుంది. ట్రాన్స్‌ఫార్మర్లు ఇక్కడ తయారవుతాయి. లెక్కపెట్టేలోపు ముందుకు జరిగిపోయేన్ని చక్రాలున్న ట్రెయిలర్ మీద, వెనక ఎర్రజెండా పట్టుకున్న మనిషితో, నత్తనడకన బయలుదేరతాయి. జెండా ఉంది, గార్డున్నాడు, బరువుంది. దూరం నుంచి చూస్తే గూడ్సుబండే అనిపిస్తుంది. దాని వెనక ఆగిపోయిన అంబులెన్సు హారన్ విన్నాకే అది సడక్ అని గుర్తొస్తుంది.

విచారణ కౌంటరు రీచార్జి కొట్టులో ఉంది. కుర్రాడిది మా ఊరే, కానీ భోజ్‌పురిలో బేరమాడతాడు, ఒడియాలో నవ్విస్తాడు. పాశమైలారం పారిశ్రామికవాడ నుంచి జట్లుజట్లుగా కార్మికులు వచ్చి అతని ముందు ఫోన్లు పెడతారు. తత్కాల్ పది గంటలకు ఏసీ, పదకొండుకు స్లీపరు, ఇప్పుడు ఆధార్ ఓటీపీ కూడా. షిఫ్టులో ఉన్నవాడికి పదకొండింటికి ఫోను ముట్టే వీలుండదు గనక, ఓటీపీ అందుకునే పని రాత్రిషిఫ్టు దిగి నిద్రపోవాల్సిన వాడి మీద పడుతుంది. ఛఠ్ పండుగ ముందు ఈ కొట్టు దగ్గర నిలబడితే, సికింద్రాబాదు నుంచి దానాపూర్ పోయే బండిలో బెర్తు అంటే ఏమిటో తెలుస్తుంది. బెర్తు దొరికాక కూడా ఇక్కణ్ణుంచి సికింద్రాబాదు చేరడం ఒక ప్రయాణం. అది మీ టికెట్‌లో రాయరు.

విద్యార్థులది మరో లెక్క. 2009లో మా ఊరికి గీతం విశ్వవిద్యాలయం వచ్చింది. దాని పుట్టిల్లు విశాఖ. కాబట్టి విశాఖ పిల్లలూ వచ్చారు. కాస్త పైన కందిలో ఐఐటీ ఉంది. జన్మభూమి, గౌతమి, నారాయణాద్రి బండ్లను మీరు లింగంపల్లి దాకా పొడిగించినప్పుడు ఈ పిల్లలకు సగం దూరం తగ్గింది. ఆ మేలు మరవలేదు. మిగిలిన సగం ఇరవై కిలోమీటర్లకు అటూఇటూ. తెల్లవారగానే బయలుదేరే జన్మభూమిని అందుకోవాలంటే అర్ధరాత్రి దాటాక లేవాలి. ఆ వేళకు షేర్ ఆటో ఉండదు. ఉన్నా నిండదు.

మీ పట్టాలు మా దగ్గరికి రానేలేదని అనడం లేదు. వచ్చాయి, కాస్త ఇవతల ఆగిపోయాయి. తెల్లాపూరు నుంచి బీహెచ్‌ఈఎల్ కోసం ఎప్పుడో వేసిన చిన్న లైనును ఎంఎంటీఎస్ రెండో దశలో బాగుచేసి రామచంద్రాపురం దాకా లోకల్ నడిపారు. ఆ రెండో దశ ఖర్చులో మూడింట రెండు వంతులు రాష్ట్రానివి, ఒక వంతు మీది. మాకు దగ్గరి టెర్మినస్ నిజానికి అదే. శుభ్రమైన ప్లాట్‌ఫాం, చల్లటి గాలి. బండ్లు మాత్రం చేతివేళ్లకు సరిపోతాయి. మొదటి దశ 2003 ఆగస్టు 9న లింగంపల్లికి వచ్చినప్పుడు పటాన్‌చెరులో ఇక రెండేళ్లే అన్నవాళ్లు ఇప్పుడు తాతలయ్యారు. మెట్రో 2017లో మియాపూర్ చేరింది, అక్కణ్ణుంచి పటాన్‌చెరుకు 13.4 కిలోమీటర్ల ప్రతిపాదన ఉంది. అది వేరే పెద్దల ఇలాకా గనక ఆ లేఖ వేరే రాస్తాను.

ఇనుముతో పరిచయం లేని ఊళ్లు కావు మావి. బీహెచ్‌ఈఎల్ అరవయ్యో దశకం నుంచీ పనిచేస్తోంది. మాకు దక్షిణాన కొండకల్‌లో 2023 జూన్ 22న ప్రైవేటు రైలుపెట్టెల కర్మాగారాన్ని ప్రారంభించారు. మంజీరా నీళ్లు పైపుల్లో మా ముందునుంచే పట్నానికి పోతాయి. మా చుట్టూ తయారైనవీ, మా దగ్గర పుట్టినవీ అన్నీ ప్రయాణం చేస్తాయి. మేం ఆటో నిండే దాకా ఆగుతాం.

మీ జవాబు నాకు తెలుసు: సర్వే జరుగుతోంది. పటాన్‌చెరు నుంచి సంగారెడ్డి, మెదక్ మీదుగా అన్నారు. తర్వాత దాన్ని ఆదిలాబాద్ దాకా లాగి తుది సర్వే అన్నారు. సర్వేలో కూడా పెద్ద, చిన్న, తుది అని రకాలున్నాయని మాకు మీవల్లే తెలిసింది. కొత్త లైను మీద ఏటా 14 శాతం రాబడి రావాలన్నది మీరు చాన్నాళ్లు పట్టుకున్న కొలత. ఆ కొలతతో 1874లో ఎవరైనా లెక్కవేసి ఉంటే శంకర్‌పల్లిలో ఇప్పటికీ ఎడ్లబండి స్టాండే ఉండేదని నా అనుమానం. పోనీ, రాబడి లెక్కలకు మా చాయ్ డబ్బా ఆయన్ని పంపుతాను. రోజుకు ఎంతమంది ఎటు పోతున్నారో గ్లాసుల లెక్కన చెప్పగలడు.

ఇంత రాసి ఏకంగా టెర్మినస్ అడుగుతానని భయపడకండి. రామచంద్రాపురం బండ్ల సంఖ్య పెంచి, షిఫ్టులు మారే వేళకు, తెల్లవారుజామున లింగంపల్లి బండ్లు అందేలా నడపండి. అక్కడ ఆగిన పట్టాను మా వైపు జరపాలని ఎప్పుడైనా అనిపిస్తే జరపండి. ఈలోగా ఒక్క చిన్న కోరిక. ఒక పసుపుపచ్చ బోర్డు ఇప్పించండి. నల్లటి అక్షరాలతో మూడు భాషల్లో ‘రుద్రారం’ అని, కింద సముద్రమట్టానికి ఎన్ని మీటర్ల ఎత్తో రాసి. ఎత్తు కోసం కొత్తగా కొలవనక్కరలేదు, ఈ దారిలో చేసిన సర్వేల ఫైళ్లలో ఎక్కడో ఉండే ఉంటుంది. వేపచెట్టు పక్కన గుంత మేమే తవ్వుకుంటాం.

ఇట్లు,
రెండు ఆటోలు వదిలేసి ఈ ఉత్తరం పూర్తిచేసిన
మీ ప్రయాణికుడు

నకలు: గణేశ్‌గడ్డ విఘ్నేశ్వరస్వామి వారికి, సమాచారం నిమిత్తం. కొత్త బండి కొన్నవాళ్లు పూజకు తమ దగ్గరికే తెస్తారు గనక, రైలు వచ్చిన నాడు ఇంజనుకే పన్నెండు చక్రాలుంటాయని, అన్ని నిమ్మకాయలు సిద్ధం చేయించాలని పూజారి గారికి ముందే చెప్పి ఉంచగలరు.