సర్వరు వారి ముహూర్తం

పంచాంగం చూసి పొలం రిజిస్ట్రేషన్‌కు బయల్దేరితే చాలదు. సర్వరుకూ వర్జ్యం ఉంటుంది.

1998లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రిజిస్ట్రేషన్లకు ‘కార్డ్’ సాఫ్ట్‌వేర్ తెచ్చి, చేతిరాత దస్త్రాలకు సెలవన్నది. పాతికేళ్లకు అదే ముసలిదైపోయింది. 2023లో ‘కార్డ్ 2.0’ దించి, దస్తావేజు ఎవరికి వారే ఆన్‌లైన్‌లో తయారుచేసుకోవచ్చన్నారు. దస్తావేజు లేఖరులు ఆందోళనకు దిగారు. పాపం, అంత కంగారెందుకో!

అంతకుముందే పాలకొండ రైతు పొలం అంగుళం కదలకుండానే జిల్లా మారింది: 2022 ఏప్రిల్‌లో శ్రీకాకుళం నుంచి పార్వతీపురం మన్యానికి. సాఫ్ట్‌వేర్‌కు మాత్రం పాత ఇంటి నుంచి కొత్త ఇంటికి సామాను చేర్చాలంటే తలప్రాణం తోకకొస్తుంది.

“ఏటి బాబూ, ఇంకా అవ్వలేదా?”

“సర్వరు డౌను. అదిగో, ఆ లేఖరి దగ్గర బల్ల ఖాళీగా ఉంది, కూసో.”