6309వ సూత్రము: టీకాతాత్పర్యసహితము

అవతారిక: ఇది హార్మోనైజ్డ్ సిస్టమ్ అను సుంకశాస్త్రమునందలి 63వ అధ్యాయములోనిది. ఈ శాస్త్రపు ఒడంబడిక 1983 జూన్ 14న బ్రస్సెల్సు నగరమున పుట్టి, 1988 జనవరి 1 నుండి అమలునకు వచ్చినది. మూలములు రెండు: ఇంగ్లీషు, ఫ్రెంచి. రెండును సమానప్రమాణములే. తక్కిన దేశములవారు తమ తమ భాషలలోనికి దించుకొనిరి.

మూలము: వోర్న్ క్లోదింగ్ అండ్ అదర్ వోర్న్ ఆర్టికల్స్.

ప్రతిపదార్థము: వోర్న్ = తొడుగబడినట్టి (లేక) అరిగినట్టి; క్లోదింగ్ = ఉడుపులును; అండ్ = మఱియు; అదర్ = తక్కిన; వోర్న్ = అరిగినట్టి; ఆర్టికల్స్ = వస్తువులును.

విశేషము: మొదటి వోర్న్‌న శ్లేష కలదు. తొడిగినది అరుగును, అరిగినది ఎవరో తొడిగినదే యని ఇంగ్లీషువారి తర్కము. రెండవ వోర్న్ కంబళ్ళకు, దుప్పట్లకు, కిటికీ తెరలకు వర్తించును. కిటికీ తెరను తొడిగినవారెవరు? కావున అచట అరుగుటయే యర్థము. ఒకే మాట రెండుమార్లు వచ్చి వేఱువేఱు అర్థములిచ్చినది గనుక ఇది యమకము. సుంకాధికారులు యమకము వ్రాయుదురని ఆలంకారికులు ఎరుగరు.

భాషాంతరములు: శ్లేష భాషాంతరమునకు లొంగదు. ఫ్రెంచివారు దీనిని ‘ఫ్రిప్రీ’ సరుకులనిరి, అనగా పాతబట్టల బేరము. పూర్వము ఆ మాటకు మూలము గుడ్డపీలిక. అదే మాట కాలువ దాటి ఇంగ్లీషున చేరి పైపై తళుకుబెళుకులకు పేరైనది. ఇటాలియనులు ‘రిగత్తియేరె’ వస్తువులనిరి, అనగా పాతసామాను అమ్మువాని సరుకులు. స్పానియార్డులది ‘ప్రెందెరీయా’, పాతసామాను అంగడి. అందలి ‘ప్రెందా’ అను మాటకు ఉడుపనియు తాకట్టు వస్తువనియు రెండర్థములు గలవు. జర్మనులు ‘ఆల్ట్‌వారెన్’, పాతసరుకులు, అని ఊరకుండిరి. తెలుగువారు పాతబట్టలందురు గనుక జర్మను పక్షము. పోర్చుగీసువారు మాత్రము నేతవస్తువులు, పాదరక్షలు, టోపీలు అని వరుసగా చెప్పి చివర ‘వాడినవి’ అని ముగించిరి. వారు తాత్పర్యమునే మూలముగా వ్రాసిరి గనుక వారికి టీక అనవసరము.

కారకవిచారము చేయగా: ఇంగ్లీషు కర్మను చెప్పినది, ఇటాలియను కర్తను, స్పానిషు అధికరణమును, జర్మను కాలమును. ఎవడో ఒకడు ఈ చొక్కా తొడిగెనను సంగతి ఇంగ్లీషుననే మిగిలినది. తక్కిన పాఠములలో దేహము లేదు, బేరమే యున్నది. దీనినిబట్టి ఇంగ్లీషు పాఠమే శ్రేష్ఠమని కొందరు. అది సాధువు కాదు. ఏలనన:

శంక: నా యొంటిమీది చొక్కా మోచేతులకడ చిరిగినది. ఇది 6309 అగునా?

సమాధానము: కాదు. అధ్యాయపు టిప్పణిలో లక్షణములు రెండు చెప్పబడినవి. చెప్పుకోదగినంత వాడుక గుర్తులుండవలెను; రాశిగా గాని, బేళ్ళలో గాని, గోనెలలో గాని, అట్టి మూటలలో గాని తేబడవలెను. ఈ రెండును కూడియే యుండవలెను. చిరిగినను, బేలు కట్టనిచో అది ‘తొడిగిన బట్ట’ కాదు. బురదలో పుట్టినదెల్ల పంకజము కానట్లే యిదియు యోగరూఢము. బేలు చూచి పేరు పెట్టు శాస్త్రమున బేరము చెప్పిన ఫ్రెంచి మాటయే లక్షణమునకు దగ్గర. ఇంగ్లీషున అతివ్యాప్తి దోషము.

శంక: చెప్పుకోదగినంత యనగా ఎంత?

సమాధానము: మూలమున ‘అప్రీషియబుల్’ అని యున్నది. లాటిను వ్యుత్పత్తిచే వెలకట్టదగినదని యర్థము. వెల తగ్గించు చిరుగునకు వెలకట్టదగినదని విశేషణము వేసిన చమత్కారము గ్రహించునది. కొలత మాత్రము చెప్పలేదు.

వర్జ్యములు: తివాచీలెంత అరిగినను ఇందు చేరవు. ఆస్బెస్టాసు టోపీలు, ఆస్బెస్టాసు పాదరక్షలును చేరవు. తొడిగినవాడు చేరునా యన్నది ఈ శాస్త్రమునకు బాహ్యము.

ఉత్తరసూత్రసంబంధము: 6310న గుడ్డపీలికలు గలవు. మన దేశమున తొడిగిన బట్టల దిగుమతికి లైసెన్సు వలయును. పీలికలకు అంత నిర్బంధము లేదు గాని, మరల తొడుగ వీలులేకుండ ముందే కోసి తేవలెను. కావున ఐరోపానుండి వచ్చు కోటునకు 6309కి 6310కి నడుమ కత్తెర యొక్కటే భేదము. ఇచట భాషాంతరీకర్తకంటె దర్జీకి పాండిత్యమెక్కువ. అట్లు కోయబడిన ఉన్ని పీలిక పానిపట్టు చేరి, రంగులవారీగా ఏరబడి, పీచుగా చీల్చబడి, మరల దారమై, కంబళియై, 6301గా జన్మించును. అది క్రొత్తది గనుక వాడుక గుర్తులు చూపనక్కరలేదు.