ముఖ్య అతిథి పరిచయం

అక్టోబరు 2. ఎల్‌బీ నగర్‌లో ఓ కాలనీ, అందులో ఓ ప్రైవేటు బడి. గాంధీ జయంతి సభ తొమ్మిదింటికన్నారు. ముఖ్య అతిథి పదకొండున్నరకు కారు దిగాడు. అప్పటిదాకా పిల్లలు ఎండలో లైన్లు కట్టి నిలబడే ఉన్నారు. వెనక వరసలో ఒకమ్మాయి కళ్లు తిరిగి కూలబడితే మొహాన నీళ్లు చల్లి లేపారు.

వేదిక వెనక ఫ్లెక్సీ మీద అతిథిది నిలువెత్తు ఫొటో. గాంధీ తాత పై మూలన పోస్టు బిళ్లంత ఉన్నాడు. అతిథి పేరుకు ముందు బిరుదులు మూడు వరసలు. పేరు వెనక కులం, అన్నిటికన్నా లావు అక్షరాల్లో.

పరిచయం చేయాల్సిన తెలుగు సారుకు ఆరోజు గొంతు పోయింది. "నేను చదువుత సార్" అని ఏడో తరగతి పిల్లాడొకడు చెయ్యెత్తాడు. మొన్న ప్రిన్సిపాల్ గొంతుతో మైకులో "ఈరోజు ఒంటిపూట బడి" అని ప్రకటించి నాలుగు క్లాసులను గేటు దాటించిన ఘనుడు వాడే. ప్రిన్సిపాల్ వద్దనేలోపే అనుచరుడొకడు బిరుదుల కాగితం వాడి చేతిలో పెట్టేశాడు. వాడు దాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుని మైకు అందుకున్నాడు.

"మన ఏరియాల అందరికంటె పెద్దాయన గురించి రెండు ముచ్చట్లు చెప్త."

అతిథి కండువా సర్దుకున్నాడు.

"ఈయన పేరు చెప్పకుంటె ఆటో ఆయన మనల్ని ఇంటికి తోల్కరాడు. సిటీ బస్సు బోర్డు మీద ఈయన పేరే. 2018ల మెట్రో వచ్చింది. మియాపూర్‌ల ఎక్కినోళ్లకు ఆఖరి స్టేషన్ ఈయన పేరే."

అనుచరులు చప్పట్లు కొట్టారు. 'అంత లేదులే' అన్నట్టు అతిథి చెయ్యూపాడు.

"పాలు తాగే వయసులనే ఈయన నాయిన పోయిండు. అమ్మ కష్టపడి సాదింది."

అతిథి తండ్రి పోయింది నిరుడు. అయినా కండువా అంచుతో కళ్లొత్తుకున్నాడు.

"ఇయ్యాల ఈయన పుట్టినరోజు."

"నాది ఉగాది ముంగట కదరా?" అని అతిథి పక్కకు వంగాడు.

"ముందుగాల చేస్తున్నరేమో అన్నా" అన్నాడు అనుచరుడు.

"పేరు ఎనుక కులం ఉంటె, వద్దని చిన్నప్పుడే తీసేసిండు."

చప్పట్లు ఆగాయి. పిల్లల కళ్లన్నీ ఫ్లెక్సీ మీదికి పోయాయి.

"అంత పెద్ద కుర్చీల ఉండి గూడ కారు కొనెతందుకు బ్యాంకుల అయిదు వేలు అప్పు తెచ్చిండు. అది తీరకముందే పోయిండు. ఆయన భార్య పింఛను పైసలతోని కట్టింది."

"పోయిండా? ఎవర్రా పోయింది?" అతిథి కుర్చీలోంచి లేచాడు.

"లాల్ బహదూర్ శాస్త్రి గారు సార్. 1904ల ఇదే రోజు పుట్టిండు. మన ఎల్‌బీ నగర్‌ల ఎల్, బీ ఆయనే. శాస్త్రి అంటే కులం కాదు, కాశీ విద్యాపీఠంల 1925ల తెచ్చుకున్న డిగ్రీ. రైల్వే మంత్రి ఉన్నప్పుడు, 1956ల మన పాలమూరు దగ్గర వంతెన కూలి రైలు పడితే రాజీనామా ఇచ్చిండు. నెహ్రూ వద్దన్నడు. అదే ఏడు అరియలూర్‌ల ఇంకో రైలు పడ్డది. ఇగ ఎవ్వరు చెప్పినా ఇనలే, పదవి ఇడిసిపెట్టిండు. ఫ్లెక్సీల ఆయనకు జాగ లేకపాయె సార్. అందుకే నోటితోని చెప్పిన."

ఆ బడిలో ఏటా అక్టోబరు 2 జరుపుతూనే ఉన్నారు. ఆ పేరు మైకులో వినపడటం అదే మొదలు. వెనక వరసల్లో మొదలైన చప్పట్లు ముందుదాకా వచ్చాయి. టీచర్లు కూడా కొట్టారు. అతిథికీ కొట్టక తప్పలేదు.

వాడి భుజం మీద చెయ్యేసి, మైకు తన వైపు లాక్కుని నవ్వాడు. "మస్తు హుషారున్నవ్ బిడ్డా. పేరేంది?"

వాడు చెప్పాడు.

అతిథికి అది చాల్లేదు. ఎవరి పిల్లాడో తేల్చుకోవాలి. "అట్ల కాదు. పూర్తి పేరు. పేరు చివర ఏమొస్తది?"

"ఫుల్‌స్టాప్ వస్తది సార్."