మేనేజరన్న

తిరుపతి ఇందిరా మైదానంలోగానీ చిత్తూరు మెసానికల్ మైదానంలోగానీ పిల్లల కబడ్డీ పోటీలు పెడితే చాలు, మేనేజరన్న దిగిపోతాడు. మెడలో విజిలు, చంకలో జెరాక్సుల సంచి. వెనకాల పన్నెండు మంది సబ్‌జూనియర్లు. అందులో ఇద్దరికి పొద్దున్నే మీసం గీయించిన జాడ పైపెదవి మీద పచ్చగా కనబడుతూ ఉంటుంది.

స్కూల్ గేమ్స్ వాళ్ళు అండర్ 14, 17, 19 అని గీతలు గీశారు. అన్నకు అవి బస్సు స్టాపులు. మనోణ్ణి ఎక్కడ అనుకూలమైతే అక్కడ దించుకోవచ్చు. పుట్టిన తేదీ అడిగితే మాత్రం నొచ్చుకుంటాడు. "రిజిస్టర్లో ఉండాది గదా సామీ, చూసుకోండి!" చూస్తే జట్టులో సగం మంది జూన్ ఒకటినే పుట్టారు. ఈ పాపం అన్నొక్కడిదే కాదులెండి. ఒకప్పుడు పల్లెల్లో చెయ్యి తలమీదుగా అవతలి చెవిని అందుకుంటే అయిదేళ్ళు నిండినట్టే. అయ్యవారు రాసిందే పుట్టినరోజు. ఇప్పుడు క్రికెట్ బోర్డు అండర్ 16 పిల్లల ఎడమ మణికట్టుకు ఎక్స్‌రే తీయించి ఎముకల వయసు లెక్కగడుతోంది. చూసేది ఇప్పుడూ చెయ్యే.

జెరాక్సులు అన్న మాట వింటాయి, కాటా వినదు. సబ్‌జూనియర్ బాలుర కబడ్డీకి చాలాకాలం 55 కిలోలే హద్దు. తూకం ముందురోజు రాత్రి రెయిడరుకు సంగటి బంద్, నీళ్ళు నోరు తడుపుకునే మట్టుకే. తెల్లారి స్వెట్టరు, మంకీ టోపీ తగిలించి మైదానం చుట్టూ పరుగు. అయినా కాటా రెండొందల గ్రాములు ఎక్కువే చూపిస్తుంది.

"మొలతాడు తీసెయ్‌రా! కొండకి పోయి గుండు కొట్టించుకోరా అంటే ఇంటివా? సామికి మొక్కూ తీరు, మనకి గ్రాములూ తగ్గు!"

తూకం గండం గడిచాక ఆ పిల్లోడికి సంగటి, ఊరుబిండి, కోడిపులుసు తన డబ్బుతోనే పెట్టిస్తాడు. ముద్ద మీద ముద్ద వేయిస్తూ పక్కనే కూర్చుంటాడు. అది నటన కాదు.

ఓడిపోయేటట్టుంటే అన్నకు న్యాయం గుర్తొస్తుంది. వయసు మోసాలపై కేంద్రం 2010లో తెచ్చిన నియమావళి మొత్తం నోటికొచ్చు. "వాళ్ళ రెయిడరుకు ఎముకల పరీక్ష చేయించాల్సిందే సార్!"

"చేయిద్దాం. రెండు జట్లకూ చేయిద్దాం," అంటాడు నిర్వాహకుడు.

అవతలి మేనేజరు, మన అన్న ఒకరి మొహాలొకరు చూసుకుంటారు.

"టీ తాగొద్దాం పా అన్నా."

"పా అబ్బా."