తుఫాను వేళ చెవిన పెట్టకూడని సలహాలు

అక్టోబరులో నైరుతి రుతుపవనాలు వెనక్కి మళ్లగానే మన తీరంలో తుఫానుల కాలం మొదలవుతుంది. బంగాళాఖాతంలో ఏ మూల అల్పపీడనం పడిందన్నా ఇచ్ఛాపురం నుంచి తడ దాకా సలహాలకు కరువుండదు. ఇచ్చేవాళ్లంతా మన మేలు కోరేవాళ్లే. అసలు చిక్కు కూడా అక్కడే ఉంది. ముక్కూమొహం తెలియనివాడు చెబితే ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తాం, బాబాయి చెబితే సరేనని ఊరుకుంటాం. అలా ఊరుకుంటే ప్రాణం మీదికొచ్చే మాటలు కొన్ని రాస్తున్నాను. ఇంట్లో పెద్దవాళ్లకు చదివి వినిపించండి.

అన్నిటికీ తల్లి లాంటి మాట: "పోయినసారి కూడా ఇలాగే భయపెట్టారు, ఏమైంది?" 2013 నవంబరులో లెహర్ అతి తీవ్ర తుఫానుగా మచిలీపట్నం వైపు వచ్చింది. లంక ఊళ్లను ఖాళీ చేయించారు. తీరా 28న ఒడ్డు తాకేసరికి అది వాయుగుండంగా మిగిలింది. దారిలో పొడిగాలి లోపలికి చొరబడింది, పైన వీచే బలమైన గాలులు దాన్ని చీల్చాయి. హెచ్చరిక తప్పుకాదు, తుఫానే నీరసపడింది. తుఫాను ఎటు పోతుందో చెప్పడం కన్నా ఎంత బలపడుతుందో చెప్పడం కష్టం. దారి విషయంలో కూడా 24 గంటల ముందు చెప్పిన చోటికీ అసలు చోటికీ సగటున 75 కిలోమీటర్ల దాకా తేడా ఉంటుంది. మచిలీపట్నం నుంచి విజయవాడ అంత దూరం! కాబట్టి హెచ్చరిక జాగా కాస్త ఎక్కువే ఉంటుంది, ఉండాలి కూడా. లెహర్ లెక్కతో తర్వాతి తుఫానును కొలిస్తే ఏమవుతుందో మరుసటి ఏడాది అక్టోబరులో హుద్‌హుద్ విశాఖకు చూపించింది.

దీనికి తోడు "మన ఇల్లు అప్పటి గాలికి చెక్కుచెదరలేదు" అంటారు. గాలి వేగం రెట్టింపైతే అది గోడ మీద మోపే బలం నాలుగింతలవుతుంది. 90 కిలోమీటర్ల గాలిని తట్టుకున్న రేకుల కప్పు 180కి నిలబడుతుందని ఎవరూ పూచీ పడలేరు.

"తీరం దాటేది అక్కడెక్కడో, మనకేం?" ఈ మాట విన్నప్పుడల్లా నాకు దివిసీమ గుర్తొస్తుంది. 1977 నవంబరు 19న తుఫాను కేంద్రం తీరం దాటింది బాపట్ల, చీరాల వైపు. సముద్రం మీదపడింది మాత్రం దివిసీమ మీద. సొర్లగొంది లాంటి ఊళ్లు ఉప్పెనలో కొట్టుకుపోయాయి. పదివేల మంది దాకా చనిపోయారని లెక్క, అక్కడివాళ్లు అంతకన్నా ఎక్కువే అంటారు. ఇలా ఎందుకు జరిగిందో తెలుసుకుంటే ప్రతి తుఫానుకూ పనికొస్తుంది. మన వైపు తుఫానులు గడియారం ముల్లుకు ఎదురు దిశలో తిరుగుతాయి. తుఫాను పోయే దిక్కుకు ముఖం పెట్టి నిలబడితే, కుడిచేతి వైపు గాలి తిరిగే వేగానికి తుఫాను నడిచే వేగం కూడా కలుస్తుంది. ఆ గాలే లోతు తక్కువున్న సముద్రాన్ని ఒడ్డు మీదికి నెడుతుంది. మన తీరానికి తూర్పు నుంచి వచ్చే తుఫానుకు కుడిచేయి అంటే ఉత్తరం. బాపట్ల దగ్గర దాటుతుందని రేడియోలో చెబితే నాగాయలంక, కోడూరు, బందరు వాళ్లు ముందు లేవాలి. కాకినాడ దగ్గరంటే తునికి, పాయకరావుపేటకు కూడా ఆ మాట వర్తిస్తుంది. ఎడమచేతి ఊళ్లలో గాలి భూమి మీద నుంచి కడలిలోకి వీస్తుంది కాబట్టి నీరు వెనక్కి పోవచ్చు. వెనక్కి పోయిన సముద్రాన్ని ఫోన్లో తీసుకుందామని పిల్లలు ఇసుకలోకి దిగుతారు. వాళ్లను చెయ్యి పట్టుకుని లాక్కురండి. గాలి మళ్లితే ఆ నీరు తిరిగొస్తుంది.

రేవులో ఎగరేసే నంబర్ల గురించి చెప్పే సలహా కూడా ఇలాంటిదే. "ఐదో నంబరే వేశారు, పది వేస్తే అప్పుడు చూద్దాం" అంటారు. ఆ నంబర్లు ఓడలవాళ్ల కోసం పెట్టిన సైగలు. అవి తుఫాను బలాన్ని మెట్లు మెట్లుగా చెప్పవు. 5 అంటే తుఫాను రేవును తన ఎడమకు వదిలి పోతుందని, 6 అంటే కుడికి వదిలి పోతుందని, 7 అంటే రేవు మీదుగానో పక్కనుంచో దాటుతుందని అర్థం. 8, 9, 10 కూడా ఇవే మూడు సంగతులు, కాకపోతే మరింత తీవ్రమైన తుఫానుకు. 11 అంటే హెచ్చరిక కేంద్రంతో సంబంధాలే తెగిపోయాయని. పైన చెప్పిన కుడి, ఎడమల లెక్క పెట్టుకుంటే 6 ఎగిరిన రేవు ఉప్పెన వైపు ఉన్నట్టు. ఐదు, ఆరుల మధ్య అంకె ఒక్కటే తేడా, బతుకులో చాలా తేడా.

ఇక "గాలి ఆగింది, బయటికి రండి" అనే మాట. 2014 అక్టోబరు 12, ఆదివారం. గంటకు 170–180 కిలోమీటర్ల గాలితో హుద్‌హుద్ విశాఖ మీద పడింది. పొద్దుటి నుంచి కిటికీలు అదురుతున్నాయి, చెట్లు వేళ్లతో సహా లేస్తున్నాయి. మధ్యాహ్నం వేళ గాలి ఉన్నట్టుండి తగ్గింది, వాన పలచబడింది. తుఫాను కన్ను నగరం మీద ఉంది. ఆ నిదానం చూసి అయిపోయిందనుకుంటే, కన్ను దాటాక గాలి మళ్లీ వచ్చింది, ఈసారి ఎదురు దిక్కు నుంచి. పొద్దున ఒకవైపు వంగి సగం వేళ్లు తెగిన చెట్టుకు రెండో దెబ్బ అటువైపు నుంచి తగిలితే ఇక నిలవదు. ఒక పక్కకు సడలిన రేకు, హోర్డింగు, సెల్ టవరు సంగతీ అంతే. కన్ను దాటడానికి ఎంతసేపు పడుతుందో బయట నిలబడి ఎవరూ చెప్పలేరు. అలా ఆగినప్పుడు మేడ మీది ట్యాంకు మూత చూసొద్దామని, బండి పక్కకు తీద్దామని వెళ్లకండి. గాలి నెమ్మదిగా, గంటల కొద్దీ తగ్గుతూ వస్తే తుఫాను దాటినట్టు. ఒక్కసారిగా ఆగితే ఇంకా సగం మిగిలే ఉందనుకోండి.

"తుఫాను కాదటండీ, ఒట్టి వాయుగుండమే." నాకు అన్నిటికన్నా కోపం తెప్పించే మాట ఇది. అల్పపీడనం, వాయుగుండం, తీవ్ర వాయుగుండం, తుఫాను అనే పేర్లన్నీ గాలి వేగాన్ని బట్టి పెట్టినవి. గంటకు 62 కిలోమీటర్లు దాటితేనే తుఫాను అంటారు. వాన ఎంత పడుతుందో ఆ పేరులో ఎక్కడా ఉండదు. 2024 సెప్టెంబరు 1న కళింగపట్నం దగ్గర తీరం దాటింది తుఫాను కాదు, వాయుగుండమే. బుడమేరుకు గండ్లు పడి విజయవాడ సింగ్‌నగర్ రోజుల తరబడి నీళ్లలో ఉంది. ప్రకాశం బరాజ్‌కు 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చింది. అటు ఖమ్మంలో మున్నేరు ఊళ్లోకి వచ్చింది. 2020 అక్టోబరు 13న కాకినాడ దగ్గర దాటిన తీవ్ర వాయుగుండం ఆ రాత్రి హైదరాబాదును ముంచింది. పేరు చిన్నదని తాడుతో కట్టాల్సినవి కట్టకపోయినా ఫర్వాలేదేమో గానీ, పల్లపు ఇంట్లో పడుకోవడం మాత్రం ఒప్పుకోకండి. తీరం దాటింది కాబట్టి తెలంగాణకు ఏమీ లేదనే మాట కూడా ఇందులోదే. వాగు మీద లోలెవెల్ వంతెన దాటే బండివాడికి తుఫాను ఏ జిల్లాలో ఒడ్డెక్కిందన్న దానితో పనిలేదు.

ఫోన్లో రంగులు తిరిగే యాప్ చూసి పది రోజుల ముందే తుఫానుకు పేరు పెట్టేవాళ్లున్నారు. ఆ రంగులు ఒక్కో కంప్యూటరు నమూనా వేసే లెక్క. పూటకోసారి మారతాయి, ఒకదానికి ఇంకొకటి పొంతన ఉండదు. వాటన్నిటినీ ఉపగ్రహం, రాడార్, ఓడల నుంచి వచ్చే సమాచారంతో సరిచూసి విశాఖలోని తుఫాను హెచ్చరిక కేంద్రం బులెటిన్ ఇస్తుంది. చూస్తే అది చూడండి. అందులో కేంద్రం ఎక్కడుందో తెలుసుకుని వదిలేయకుండా, మీ జిల్లాకు గాలి ఎంత, వాన ఎంత, ఉప్పెన ఎంత అన్న మూడు వరుసలూ చదవండి.

వేటవాళ్లకు "సముద్రం అద్దంలా ఉంది, ఒక్క వల వేసి వచ్చేద్దాం" అని చెప్పేవాడు శత్రువే. 1996 నవంబరు 6న కోనసీమను కొట్టిన తుఫాను చిన్నది, చకచకా బలపడింది. చనిపోయినవాళ్లు వెయ్యికి పైమాటే. వాళ్లలో వేటకెళ్లి తిరిగిరానివాళ్లు వందల్లో ఉన్నారు. బోటు పోతే అప్పు మిగులుతుందన్న భయం నాకు తెలుసు. అయినా బోటులోనే పడుకుని కాపలా కాయమని ఎవరూ ఎవరికీ చెప్పకూడదు.

రైతుకు వచ్చే చెడ్డ సలహా: "ఈ రాత్రికే కోసెయ్, పొద్దుటికి వాన." కోసి పనల మీద వదిలేసిన వరే తుఫానుకు ముందు మునిగేది. నూర్చి గట్టెక్కించే వీలుంటే తప్ప కోత ఆపడమే మేలు, నిలబడిన పైరు పడిపోయినా కొంత చేతికొస్తుంది. ఇప్పటికే కోసి ఉంటే పనలు తీసి మెరక మీద కుప్ప వేసి టార్పాలిన్ కప్పండి, నీరు పోయేలా గట్లకు గండ్లు కొట్టండి. పనలు తడిసిపోయాయా? వాన తెరిపివ్వగానే లీటరు నీటికి 50 గ్రాముల చొప్పున కళ్లుప్పు కలిపి వెన్నుల మీద పిచికారీ చేయండి. అలా చేస్తే గింజ మొలకెత్తకుండా ఆగుతుంది. రెండో రోజు దాకా చూద్దామంటే మొలక వచ్చేస్తుంది.