అన్నయ్యగారి డెక్

మా తోడల్లుడు అన్నయ్యగారు కార్లు కొన్నారు, ఇల్లు కొన్నారు, పిల్లలిద్దరికీ కాలేజీలు ఎంచారు. వీటిలో దేనికీ వారాంతం దాటి ఆలోచించిన మనిషి కాదు. నార్త్ కరోలినాలోని కేరీలో, ఆయన ఇంటి వెనక ఉన్న చెక్క డెక్ దగ్గర మాత్రం ఏళ్ళ తరబడి ఆగిపోయారు. పాత సీలర్ గీకి పారేసి కొత్తది వేయాలా, పాతదాని మీదే ఇంకో పూత లాగించేయాలా?

మీ బంధువుల్లోనూ ఇలాంటివారు ఒకరుంటారు. వారమంతా ఆఫీసులో కోడ్ పరీక్షించి, శనివారం పొద్దున ఆ జబ్బుని పెరట్లోకి తెచ్చుకుంటారు. చేతిలో కాఫీ కప్పు, వంగిన నడుము, చెక్క వైపు అనుమానపు చూపు. "తమ్ముడూ, ఒకసారి వచ్చి చూడు" అని ఫోన్ వస్తే పని మొదలవుతోందని పాతబట్టలు వేసుకుని వెళ్ళకండి. మనల్ని పిలిచేది సాక్ష్యానికి.

మొదటిది నీళ్ళ పరీక్ష. చెక్క మీద నాలుగు చుక్కలు చల్లుతారు. చుక్కలు గుండ్రంగా నిలబడితే పాత సీలర్ ఇంకా బతికే ఉన్నట్టు. దానిమీద ఏం పూసినా లోపలికి ఇంకదు, కొన్నాళ్ళకి పొరలుగా ఊడొస్తుంది. నీళ్ళు పీల్చుకుని చెక్క రంగు ముదిరితే పూత పట్టడానికి సిద్ధమన్నమాట. బంగారంలాంటి పరీక్ష. తీరా చల్లితే నీడపట్టున ఉన్న పలకల మీద చుక్కలు నిలిచాయి, ఎండ తగిలే పలకల్లో ఇంకిపోయాయి. మామూలు మనిషికి సంగతి అక్కడే అర్థమైపోతుంది. అన్నయ్యగారు "ఫలితాలు పరస్పర విరుద్ధంగా ఉన్నాయి" అని, ఒక్కో పలకకీ నంబరిచ్చి స్ప్రెడ్‌షీట్ తెరిచారు.

రెండోది టేపు పరీక్ష. టేపు గట్టిగా అతికించి ఒక్క గుంజు గుంజాలి. దాంతోపాటు పూత లేచొస్తే పాత పొర పట్టు వదిలేసినట్టే. గుంజిన టేపుముక్కలన్నీ తేదీలు వేసి జిప్ సంచుల్లో దాచారు. కరివేపాకు పెట్టుకుందామని వదినగారు సంచుల కోసం వెతికినప్పుడు ఆ సాక్ష్యాధారాలన్నీ బయటపడ్డాయి. ఆ పూట భోజనాల దగ్గర ఎవరూ పెద్దగా మాట్లాడుకోలేదు.

సరే, గీకడానికే ఒప్పుకున్నారనుకోండి. పాత పూతని వదిలించే స్ట్రిప్పర్లలో చాలావాటికి మూలం కాస్టిక్ సోడా. అది పూసి, పాత పొర మెత్తబడ్డాక తోమి కడిగేయాలి. ఆ క్షారానికి చెక్క నల్లబడుతుంది కాబట్టి వెనకే ఆక్సాలిక్ ఆమ్లం ఉన్న బ్రైట్‌నర్ కొట్టాలి. తెనాలి నుంచి వచ్చిన అత్తగారు ఆమ్లం అన్న మాటకి హడలిపోతే, "భయం లేదండీ, చుక్కకూరలో పులుపు ఇదే" అని అన్నయ్యగారు ధైర్యం చెప్పారు. ఆవిడ ఉన్నన్నాళ్ళూ మళ్ళీ చుక్కకూర పప్పు ముట్టలేదు.

శాండింగ్ చేద్దామంటే ఇంకో భయం. అమెరికాలో 2003 చివరిదాకా ఇళ్ళ డెక్కులకి వాడిన చెక్కలో చాలాదానికి ఆర్సెనిక్ కలిసిన మందు పట్టించేవారు. ఆ దుమ్ము పీల్చకూడదు. ఇంటి కాగితాలన్నీ తిరగేస్తే ఇల్లూ డెక్కూ 2006లో కట్టినవని తేలింది. సంతోషించాల్సిన సమయంలో అన్నయ్యగారి ముఖం చిన్నబోయింది. మంచి సాకు ఒకటి చేజారింది మరి.

అసలు అడ్డం గోంగూర. డెక్ అంచునే వదినగారి మడి. స్ట్రిప్పర్ కడిగిన నీళ్ళు పోయేదీ అటే. మొక్కల్ని ముందు బాగా తడిపి, పైన పట్టా కప్పితే ఏమీ కాదని ఆయన బొమ్మ గీసి మరీ చూపించారు. "మీ డెక్ ఎక్కడికీ పోదు. నా గోంగూర చలి మొదలయ్యేదాకానే" అన్నారు వదినగారు. వేసవి అలా పోయింది. మిగతా కాలాల సంగతీ అంతే. ఏప్రిల్‌లో పైన్ చెట్ల పుప్పొడి డెక్ అంతా పసుపు రాసేస్తుంది. అక్టోబరులో ఆకులు రాలతాయి. శీతాకాలం సరేసరి, 50 ఫారన్‌హీట్ డిగ్రీల లోపు పూయొద్దని డబ్బా మీదే రాసి ఉంది. గృహప్రవేశానికి పంతులుగారు చెప్పిన మొదటి ముహూర్తానికే తలూపిన మనిషికి, డెక్ పూతకి మాత్రం లగ్నం కుదరడం లేదు.

అత్తగారు డెక్ మీద వడియాలు పెట్టబోతే, "పద్నాలుగో పలక వదిలేయండి, పరీక్ష నడుస్తోంది. పూత పాడవుతుంది" అన్నారు. "ఏ పూతండీ అల్లుడుగారూ?" అని ఆవిడ అమాయకంగానే అడిగారు. అమాయకంగానే అని ఇప్పటికీ నమ్ముతున్నాను.

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. ఆయన చెప్పే ప్రతి ముక్కా నిజం. మా డెక్ పూత అయిన సాయంత్రం చెప్పాపెట్టకుండా వచ్చి, స్టెయిన్ తుడిచిన గుడ్డల్ని ఒక్కొక్కటీ విడదీసి కంచె మీద ఆరేసి వెళ్ళారు. లిన్‌సీడ్ నూనె పట్టిన గుడ్డలు ఉండచుట్టి పడేస్తే వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయట. చుట్టుపక్కల తెలుగువాళ్ళ డెక్కులు నిగనిగలాడేది ఆయన సలహాతోనే. ఆయనదొక్కటే పొలుసులు రాలుస్తుంటుంది.

చివరికి వదినగారే ఒక పనివాణ్ణి పిలిపించారు. అతను బొటనవేలి గోటితో పొర లేపి చూశాడు. పలకలు గీకాలి, రెయిలింగ్ బాగానే ఉంది, శుభ్రం చేసి దానిమీదే పూసేయొచ్చు అన్నాడు. కాఫీ కప్పు ఖాళీ అయ్యేలోగా తీర్పు అయిపోయింది. అతను వెళ్ళాక అన్నయ్యగారు నా వైపు తిరిగారు. "టేపు కూడా వెయ్యలేదు, గమనించావా తమ్ముడూ?"

ఇప్పుడు కొత్త వాదన పట్టుకున్నారు. ఇంకో రెండు వేసవులు ఓపిక పడితే మిగిలిన పొరని ఎండే ఊడ్చేస్తుంది, స్ట్రిప్పర్ ఖర్చు మిగులుతుంది అని. ఎండకి బూడిదరంగు తిరిగిన చెక్క కొత్త పూతని సరిగ్గా పట్టదనీ, అప్పుడు దాన్నీ గీకాల్సిందేననీ నాకు తెలుసు. చెబుదామని రెండుసార్లు నోటిదాకా వచ్చింది. చెబితే ఇంకో స్ప్రెడ్‌షీట్ తెరుస్తారు, శనివారాలు మళ్ళీ నావే పోతాయి. మా ఆవిడ కూడా చెప్పొద్దనే అంది.